తాబేలు బొమ్మ, తేనె చుక్క

నమ్మించి గొంతు కోసేవాడు ముందు నోరు తీపి చేస్తాడు. కుంభగిరి పట్టపుటేనుగు మావటి మాచనకు ఈ సంగతి ఆ రోజు మిట్టమధ్యాహ్నం దాకా తెలియదు. తెలిసేసరికి రాజ్యం చేతులు మారిపోయింది.

కోట ముందరి మైదానం ఆనాడు ఇంద్రసభను తలదన్నేలా ఉంది. పన్నీటితో తడిపిన నేల, ఆ నేల మీద ముత్యాల పొడితో వేసిన ముగ్గులు, నలుదిక్కులా నూటెనిమిది బంగారుపూత స్తంభాలు, స్తంభానికీ స్తంభానికీ నడుమ గాలికి అలలెత్తే చీనాంబరాల తోరణాలు. ఆ తోరణాల నీడన వలయంగా నిలబడ్డారు సామంతులు, దండనాయకులు, దూరదేశాల రాకుమారులు. వారి కిరీటాల్లోని కెంపులూ పచ్చలూ ఎండకు భగ్గుమంటుంటే చూసేవాళ్ళ కళ్ళు చెదిరిపోతున్నాయి. తాళ్ళకు అవతల జనం. గోడలెక్కినవాళ్ళు కొందరు, గుర్రపుసాలల కప్పులెక్కినవాళ్ళు కొందరు. అటుకులు నములుతూ, ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకుంటూ, ఏనుగు ఎటు దిగుతుందోనని వాదులాడుకుంటున్నారు.

మైదానం నడుమ గుండ్రని నల్లరాయి ఉంది. దాని పేరు పట్టపురాయి. దాని మీద పట్టపుటేనుగు మందరం, తొండంలో సంపెంగల మాలతో నిలబడి ఉంది.

కుంభగిరి ఆచారం ఇది. రాజు వారసుడు లేకుండా పోతే కొత్త రాజును మనుషులు ఎన్నుకోరు, ఏనుగు ఎన్నుకుంటుంది. మందరం ఆ రాయి మీద ఉన్నచోటనే మెల్లగా చుట్టూ తిరుగుతుంది. దానికి బుద్ధి పుట్టినప్పుడు ఏదో ఒక వైపు అడుగు దించుతుంది. ఆ వైపు మొదట ఎదురైన మనిషి మెడలో మాల వేస్తుంది. అంతే, వాడే రాజు. మావటి మాట సాయం చేయకుండా మూతికి తెల్లగుడ్డ కడతారు, అంకుశం పట్టకుండా చేతులు వెనక్కి విరిచి కడతారు. ఏనుగును నడిపేది దేవుడేనని జనం నమ్మకం.

దేవుడి సంగతి ఎలా ఉన్నా, మావటి కాలి బొటనవేళ్ళ సంగతి జనానికి తెలియదు. ఏనుగు చెవుల వెనక రెండు బొటనవేళ్ళూ ఒక్కసారి నొక్కితే చాలు, అది అడుగు ముందుకు వేస్తుంది. నోరూ చేతులూ కట్టిన పెద్దలకు కాళ్ళు కట్టాలని తోచలేదు. ఈ రహస్యం ఏడు తరాలుగా మాచన ఇంటి గడప దాటలేదు. పట్టపురాయి మీద కాలివేలు కదపబోమని ఆ ఇంటివాళ్ళు ఏనుగు కుంభస్థలం మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తారు. ఇప్పుడు ఆ ఇంట్లో మిగిలింది ఇద్దరే. మాచన, అతని అక్క నాగాంబ.

తల్లిదండ్రులు పోయాక తమ్ముణ్ణీ, తల్లి లేని ఏనుగు గున్ననూ సాకింది నాగాంబే. ఒక చేతి బెల్లం ముక్క తమ్ముడి నోట్లో పెడితే, రెండో చేతి ముక్క గున్న నోట్లో పెట్టేది. ఆ గున్నే ఈ మందరం. మూడు నెలల కిందట ముసుగు రౌతులు నాగాంబను ఎత్తుకుపోయారు. ఆమెను విడిపించుకోవడం తప్ప మాచనకు లోకంలో వేరే ఆశ లేదు. ఈ తంతు ముగిస్తే చాలు, ఆమెను దాచిన మూగకోటకు దారి చూపిస్తానని తేనె తాత మాట ఇచ్చాడు.

తేనె తాత ఎవరంటారా? చెబుతాను, తొందరపడకండి. ముందు ఏనుగు కదిలింది, అది చూడండి.

మందరం తిరగసాగింది. పావు చుట్టు, అర చుట్టు. తాళ్ళ పక్కన భుజాన గాజుల మలారం వేసుకుని ఒక గాజులవాడు నిలబడి ఉన్నాడు. గాలి అటునుంచి రాగానే మందరం చెవులు నిక్కించింది, తొండం అటు చాచింది. ఇంకొంచెం తిరిగితే ఆ గాజులవాడు సరిగ్గా ఎదురవుతాడు. తొడల కింద ఏనుగు ఒళ్ళు పులకరించడం మాచనకు తెలిసింది. వేళ్ళు బిగబట్టి, ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు.

ఆ గాజులవాడి కంటే ముందు ఏనుగుకు ఎదురయ్యే చోట నిలబడి ఉన్నాడు సేనాపతి వృకదంతుడు. ఏనుగు ముఖం తన వైపు తిరగగానే అతను భుజాల మీది శాలువా రెండు చేతులా బార్లా విప్పాడు. ఇన్నేళ్ళూ వృకదంతుడి జెండా మీద తేలు బొమ్మ ఉండేది. ఇవాళ శాలువా మీద వెండి జరీతో ఒక తాబేలు కుట్టించుకొచ్చాడు.

మాచన తాబేలును చూశాడు. అతని రెండు బొటనవేళ్ళూ వాటంతట అవే నొక్కుకున్నాయి.

మందరం రాయి దిగింది. సంపెంగల మాల వృకదంతుడి మెడలో పడింది. భేరీలు మోగాయి, జనం జేజేలు కొట్టారు. మూతికి కట్టిన గుడ్డలో మాచన కేక అక్కడే అణగిపోయింది. ఏడు తరాల ప్రమాణం అర నిమిషంలో గంగలో కలిసింది, అదీ అతని కాళ్ళతోనే.

అప్పుడు జనంలో కనిపించాడు తేనె తాత. తెల్లటి గడ్డం, చల్లటి నవ్వు, చంకలో తేనె ముంత. ముంతలో వేలు ముంచి నాకి, మాచనకేసి చూసి, ఎప్పటిలాగే తల ఊపాడు. సరైన జవాబు చెప్పిన ప్రతిసారీ ఆ ముసలాడు అలాగే తల ఊపేవాడు.

అక్కను ఎత్తుకుపోయిన మూడో రోజున ఆ ముసలాడు ఏనుగుసాలకు వచ్చాడు. "మూగకోటలో అడుగుపెట్టినవాడి నోరు కట్టేస్తారు నాయనా, చేతులు కట్టేస్తారు. తలుపుల మీద బొమ్మలుంటాయి. కాలివేళ్ళతో జవాబు చెబితేనే తెరుచుకుంటాయి. నేర్చుకుంటావా?" అన్నాడు. అక్క కోసం మాచన నిప్పుల్లోనైనా నడుస్తాడు, నేర్చుకోనంటాడా? మాచన వెళ్ళి తాత గుహలో, ఏనుగు మెడంత వెడల్పున్న రాతి దిమ్మె మీద కూర్చున్నాడు. చేతులు వెనక్కి కట్టించుకున్నాడు. మొదటి నెల పాఠం ఇది. గంట బొమ్మ చూపిస్తే రెండు బొటనవేళ్ళూ నొక్కాలి, చేప చూపిస్తే ఎడమ వేలు, గొడ్డలి చూపిస్తే కుడి వేలు. సరిగ్గా నొక్కితే నాలుక మీద తేనె చుక్క. తప్పితే చీలమండ మీద దురదగొండి ఆకు. రెండో నెల నుంచి కొత్త బొమ్మలు వచ్చాయి. తాబేలుకు జంట గంట, కాకికి జంట చేప, నిచ్చెనకు జంట గొడ్డలి. జంటను కంటితో చూపిస్తే తేనె, తప్పితే దురదగొండి. కాళ్ళ నిండా దద్దుర్లు లేస్తే తాత ఎక్కడినుంచో పసుపు ముద్ద తెచ్చి ఇచ్చేవాడు. "పాపం బిడ్డ" అనేవాడు.

తాబేలును చూసి వేళ్ళు నొక్కమని ఆ ముసలాడు ఏనాడూ చెప్పలేదు. ఒక్కసారైనా చెప్పలేదు. చెప్పి ఉంటే మాచన అనుమానించేవాడే. తాబేలుకు గంట జంట, గంటకు వేళ్ళ నొక్కుడు జంట. ఆ రెండు ముడులూ వేసి తాత ఊరుకున్నాడు. మూడో ముడి మాచన బుర్ర తనంతట తానే వేసుకుంది.

"ఓరి తేనె పూసిన కత్తీ!" అని మాచన లోలోపల పళ్ళు నూరాడు. "ఏనుగులను మచ్చిక చేసేవాణ్ణి నేను. నన్నే మచ్చిక చేశావు కదరా!"

తిట్టుకోవడానికైనా తీరిక దొరకలేదు. "ఆచారం ప్రకారం మావటికి సత్కారం చేయండి" అని వృకదంతుడు చేయి ఊపాడు. పట్టుగుడ్డ కప్పిన పళ్ళేలతో ఆరుగురు భటులు వచ్చారు. గాలికి ఒక గుడ్డ తొలగింది. పళ్ళెంలో తాంబూలం లేదు, కత్తి ఉంది. రహస్యం తెలిసిన కాళ్ళు బతికి ఉండటం కొత్త రాజుకు ఇష్టం లేదు.

మొదటి కత్తి లేచింది. అది దిగేలోగా గాజులవాడు తాళ్ళ మీదుగా దూకి మలారంతో భటుడి ముఖం మీద ఒక్కటిచ్చాడు. మందరం ఎవరూ చెప్పకుండానే తొండం చాచి, ఆ గాజులవాణ్ణి పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తి మాచన వెనక కూర్చోబెట్టింది. గాజులవాడు మొలలోంచి చురకత్తి తీసి కట్లు కోశాడు.

"ఎవరు నువ్వు?" మూతి గుడ్డ పీకేసి మాచన అడిగాడు.

"చిన్నప్పుడు దీనికి చెరుకు ముక్కలు పెట్టినవాణ్ణి. ముందు నడిపించు, తర్వాత మాట్లాడుకుందాం!"

మాచన ఉలిక్కిపడ్డాడు. వేటకు వెళ్ళి చనిపోయాడని రాజ్యమంతా ఏడ్చిన యువరాజు ధవళసేనుడు! వేట దారిలో వృకదంతుడి మనుషులు పొంచి కొడితే చావు తప్పించుకుని, మారువేషంలో తిరుగుతున్న యువరాజు! నోరు తెరిచి నిజం చెబితే అక్కడే తల ఎగిరిపోతుంది గనుక, ఏనుగు తనను గుర్తుపడుతుందన్న ఒక్క నమ్మకంతో జనంలో నిలబడ్డాడు. ఏనుగు గుర్తుపట్టింది కూడా. పాడు చేసింది మాచన వేళ్ళు.

మందరం తోరణాలను తెంచుకుంటూ రాజవీధిలో పడింది. వెనక నలభైమంది రౌతులు, ముందు మూసుకుంటున్న తూర్పు ద్వారం. "దొరా, మలారం విప్పండి!" అని మాచన అరిచాడు. ధవళసేనుడు మూట విప్పి వీధి పొడవునా గాజులు దొర్లించాడు. ఎర్రవీ పచ్చవీ వేలకొద్దీ గాజులు రాతి వీధి మీద ఘల్లుమంటూ చెల్లాచెదురయ్యాయి. ముందు గుర్రం కాలు జారింది. దాని మీద రెండోది, రెండోదాని మీద మూడోది. ఈలోగా మందరం తలుపును కుంభస్థలంతో ఒక్క తోపు తోసింది. అడ్డగడియ విరిగి పడింది. కోట వెనకబడిపోయింది.

పొద్దు వాలకముందే వెదురడవి చేరారు. వాగు ఒడ్డున మందరానికి నీళ్ళు పట్టి, మాచన యువరాజు కాళ్ళ ముందు కూలబడి జరిగిందంతా చెప్పాడు. ధవళసేనుడు అంతా విని, అతని కాళ్ళకేసి చూశాడు.

"నా తండ్రి సింహాసనాన్ని నీ బొటనవేళ్ళతో తోసేశావు" అన్నాడు చివరికి.

"అవును దొరా. నరికేస్తే నరికెయ్యండి. అక్కను విడిపించాక నరకండి, అంతే."

"అక్క ఇంకా మూగకోటలో ఉందని నమ్ముతున్నావా? ఆ ముసలాడు చెప్పిన మాటేగా అది?"

"ఎక్కడో ఒకచోట ఉంటుందిగా. లోయ అవతల వాడి గుహ ఉంది, వాడు నన్ను ఎప్పుడూ చీకట్లోనే దాటించేవాడు. వాడి పీక పట్టుకుంటే అదే తెలుస్తుంది."

ధవళసేనుడు గడ్డిపరక నములుతూ అడిగాడు. "మాచనా, ఒక్క సంగతి చెప్పు. వేళ్ళ రహస్యం మీ ఇంటి గడప దాటలేదన్నావు. మరి వాడికెలా తెలిసింది? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు."

మాచన దిగ్గున లేచాడు. ముఖం కందగడ్డయింది. "ఆ మాట ఇంకొకడు అని ఉంటే నాలుక కోసేవాణ్ణి దొరా! ఎన్ని చిత్రహింసలు పెడితే చెప్పి ఉంటుంది మా అక్క! మీరు మళ్ళీ ఆ మాట అనొద్దు."

యువరాజు మళ్ళీ అనలేదు. లేచి వెళ్ళి బొగ్గు ముక్క తెచ్చి, వెదురు దబ్బ మీద తాబేలు బొమ్మ గీశాడు. "ఇది చూస్తే నీ కాళ్ళు నీ మాట వినవు. ఇంకోసారి వాడు చూపిస్తే ఇద్దరం చస్తాం. రా, నేర్చింది మరుద్దువు గాని."

పడిపోయిన చెట్టు మొద్దు మీద మాచన ఏనుగునెక్కినట్టు కూర్చున్నాడు. కుంభగిరి యువరాజు గురువై ఎదుట నిలబడ్డాడు. తాబేలు చూపించినప్పుడు వేళ్ళు వదులుగా ఉంటే రేగుపండు, నొక్కితే మొట్టికాయ. మొదట్లో మాచన నెత్తి బొప్పి కట్టింది. నలభైసార్ల తర్వాత మొట్టికాయలు తగ్గాయి, నూరుసార్లకు రేగుపళ్ళు అయిపోయాయి. తాబేలును చూసి వేళ్ళు ఇప్పుడు హాయిగా వేలాడుతున్నాయి.

"వదిలింది పీడ!" అన్నాడు ధవళసేనుడు. అని, వెనక్కి తిరిగినట్టే తిరిగి, "పులి!" అని గావుకేక పెట్టి తాబేలు బొమ్మ ఎత్తాడు. మాచన వేళ్ళు రెండూ మొద్దులోకి దిగబడ్డాయి.

ఇద్దరూ ఆ వేళ్ళకేసే చూశారు.

"మా మావటీల ఇళ్ళల్లో పాలు తాగే పిల్లలకూ తెలుసు దొరా ఈ మాట" అన్నాడు మాచన నీరసంగా. "పక్క రాజ్యం నుంచి తెచ్చిన ఏనుగుకు ఆరు నెలలు మన మాటలు నేర్పుతాం. బుద్ధిగా వింటుంది. పెద్ద ఉరుము ఉరిమిందా, పాత మావటి మాటకే కదులుతుంది. భయమేస్తే మొదటి పాఠమే పైకొస్తుంది. పాతది చెరగదు, దాని మీద కొత్తది పరుచుకుంటాం, అంతే."

"అయితే ఏనుగును కూడా తాబేలుతో మోసం చేయొచ్చన్నమాట."

"చెయ్యలేరు. దానికి నేర్పిందే వస్తుంది. నేర్పనిదాన్ని కూడా నేర్చుకునే పాడు తెలివి మనిషికే ఇచ్చాడు దేవుడు." అంటూనే మాచన ఆగిపోయాడు. కళ్ళు మెరిశాయి. "దొరా! నా వేళ్ళు మారవు. సరే, మారకపోతే పోనీ. వేళ్ళు నొక్కితే ఆగిపోవాలని మందరానికి నేర్పేస్తే?"

ధవళసేనుడు పకపకా నవ్వాడు. ఆ పూటంతా, మర్నాడు తెల్లవారాక మరో రెండు ఘడియలు, అదే పని. నొక్కగానే మందరం అడుగు వేయబోయేది. వేస్తే ఏమీ లేదు, ఆగితే చెరుకు ముక్క. అడవి అంచున వాగు ఒడ్డున ఉన్న చెరుకుతోట సగం ఖాళీ అయింది. మందరం పాఠం పట్టేసింది. వేళ్ళు నొక్కితే ఆగుతుంది, "నడు" అంటే నడుస్తుంది.

"మరి దీనికి భయమేస్తే?" అని యువరాజు అడిగాడు.

"మందరానికి మొదటి పాఠం చెప్పిన గురువును నేను. నేను మీద ఉండగా దానికి భయమేంటి?" అన్నాడు మాచన మీసం దువ్వి. మావటీలకు ఈ గర్వం పుట్టుకతో వస్తుంది. అక్కడే మాచన పప్పులో కాలేశాడు.

జాము పొద్దెక్కేసరికి పాతాళలోయ చేరారు. చూస్తేనే కళ్ళు తిరిగే లోయ అది. అడుగున నది వెండి దారంలా మెరుస్తోంది. గట్ల మీద నీలి పూలతీగలు పరుచుకున్నాయి. నీటి తుంపరల్లో సగం విరిగిన ఇంద్రధనుస్సు నిలిచి ఉంది. అంత అందం పక్కనే అంత చావు. లోయ మీద ఏనుగులు కలప లాగడానికి పూర్వం వేసిన మద్దిదూలాల వంతెన ఉంది. వంతెనకు అవతల కూలిన గోడల నడుమ మూగకోట.

మాచన దానికేసి చూసి నిలిచిపోయాడు. మూడు నెలలు ఏ తలుపుల కోసం కాళ్ళు పుండ్లు చేసుకున్నాడో, ఆ తలుపులు లేవు. ఒక్కటీ లేదు. అవి ఊరికే పాడుబడిన గోడలు.

ఆ గోడల ముందు తేనె తాత నిలబడి ఉన్నాడు. ఇప్పుడు అతని ముఖంలో చల్లదనం లేదు. మెడలో పుర్రెలపేరు, నొసట నల్లబొట్టు. అతను మాంత్రికుడు జంభాళుడు, వృకదంతుడి తెరచాటు గురువు.

"వచ్చావా నాయనా! అక్క లోపలే ఉంది. వంతెన దాటి రా" అన్నాడు.

"దాటుతాను తాతా. దాటి ఆ ముంత నీ నెత్తిన పగలగొడతాను!"

జంభాళుడు ధూపం పాత్రలో పిడికెడు పొడి విసిరాడు. ఆకుపచ్చటి పొగ బుసబుసా లేచి లోయ మీద ముద్దకట్టింది. ముద్దకు కాళ్ళు మొలిచాయి, మెడ సాగింది. కొండంత తాబేలు ఆకాశంలో నిలబడి మాచన కళ్ళలోకి చూసింది.

మాచన వేళ్ళు నొక్కుకున్నాయి. మందరం ఎక్కడిదక్కడ ఆగింది, చెవైనా ఆడించలేదు.

"భలే!" అని ధవళసేనుడు మాచన వీపు చరిచాడు. జంభాళుడి నవ్వు మాయమైంది. మళ్ళీ పొడి విసిరాడు. ఇంకో తాబేలు, ఇంకో నొక్కుడు. మందరం బండరాయిలా నిలబడింది. "ఏం తాతా, తేనె అయిపోయిందా?" అని మాచన కేకేశాడు.

జంభాళుడు పళ్ళు కొరికి ధూపం పాత్రనే ఎత్తి విసిరాడు. అది నిప్పుబంతిగా మారి, లోయ దాటి, వాళ్ళ తలల మీదుగా వెళ్ళి వెనక వెదురుపొదల్లో పడింది. ఎండు వెదుళ్ళు టపటపా పేలాయి. మంటలు గోడలా లేచి వెనక దారి మూసేశాయి. మందరం ఒళ్ళంతా వణికింది. ఘీంకరించి, పక్కకు తిరిగి, మళ్ళీ తిరిగింది.

"ఏం లేదు, ఏం లేదు నాయనా" అని మాచన దాని కుంభస్థలం నిమురుతూనే ఉన్నాడు.

అప్పుడు మూగకోట గోడ చాటునుంచి నాగాంబ వచ్చింది.

"అక్కా!" మాచన అరిచాడు. "బతికే ఉన్నావా అక్కా! కట్లు విప్పుకున్నావా?"

కట్లు ఉంటేగా విప్పుకోవడానికి. నాగాంబ పట్టుచీర కట్టుకుంది. భుజాల మీద శాలువా ఉంది. శాలువా మీద వెండి జరీ తాబేలు ఉంది.

"నన్నెవరూ కట్టలేదురా తమ్ముడూ" అంది నాగాంబ. "ఏడు తరాలు వేళ్ళు బిగబట్టుకుని ఊళ్ళో వాళ్ళందర్నీ రాజుల్ని చేశాం. మనకేం మిగిలింది? లద్దె ఎత్తే గంప. వృకదంతుడు నన్ను పట్టపురాణిని చేస్తానన్నాడు. చెప్పాను."

"నువ్వు చెప్పావా?" అన్నాడు మాచన. "నీ కోసమే కదే అక్కా ఆ దురదగొండి అంతా భరించాను. రాత్రిళ్ళు కాళ్ళు కోసుకోవాలనిపించేది."

"తెలుసు. ఆ గుహ గోడ వెనకే ఉన్నా. పసుపు నూరి పంపింది నేనేగా."

తాత గుహలో కాళ్ళకు రాసుకున్న ఆ పసుపు ముద్ద వాసన మాచనకు గుర్తొచ్చింది. అప్పుడు కూడా అది ఇంటి పసుపులాగే ఉందనుకున్నాడు.

వెనక మంట ఏనుగు తోకను తాకింది. మందరం గుడ్లు తేలేసింది. సరిగ్గా అప్పుడే నాగాంబ కొంగుముడి విప్పి, అరచేతిలో బెల్లం ముక్క పెట్టి, చెయ్యి ముందుకు చాపింది. పాతికేళ్ళ కిందట సాలలో గున్నను పిలిచినట్టే, వంటింటి గడపలో తమ్ముణ్ణి పిలిచినట్టే, మెత్తగా పిలిచింది.

"దా... దా, బంగారూ... దా..."

మందరానికి మొదటి పాఠం చెప్పింది మాచన కాదు.

ఏనుగు ఘీంకారం ఆగింది. వణుకు ఆగింది. తొండం ముందుకు సాగింది. మొదటి దూలం మీద కాలు పెట్టింది.

"ఆపు!" ధవళసేనుడు అరిచాడు. మాచన ఉన్న బలమంతా పెట్టి వేళ్ళు నొక్కాడు. భయపడ్డ ఏనుగుకు నిన్నటి చెరుకు ముక్క గుర్తులేదు. నొక్కితే నడవాలన్న పాత మాటే గుర్తుంది. అది ఇంకాస్త త్వరగా రెండో దూలం మీదికి వెళ్ళింది.

మాచన తలెత్తి అక్కను చూశాడు. ఒక్కసారి అక్క తన ముఖం చూస్తే చాలనుకున్నాడు. నాగాంబ చూపు తమ్ముడి మీద లేదు. అది మూడో దూలం మీద ఉంది. ఆ దూలానికి పక్కగా సగం దాకా రంపంతో కోసిన గాటు ఉంది. కొత్త రంపపు పొట్టు ఎండలో తెల్లగా మెరుస్తోంది.

"దూకు మాచనా!" ధవళసేనుడు అతని నడుము పట్టి గుంజుతున్నాడు. మందరం మూడో దూలం మీద ముందుకాలు మోపింది. కింద ఎక్కడో కర్ర ఫెళ్ళుమంది.

అవతలి గట్టున అక్క అరచేతిలో బెల్లం ముక్క అలాగే ఉంది. మాచన దాన్ని చూశాడు. అంత కోపంలో, అంత భయంలో, అతని నోట్లో నీళ్ళూరాయి.